ప్రతి మంచానికీ చింత

మార్కెటింగ్ ఉద్యోగంలో చేరాలనుకునేవాళ్ళు ముందు పెళ్ళి చేసుకోవడం మంచిదని నా అభిప్రాయం. కొత్తగా పెళ్ళయినవాళ్ళకి ఎవరిని చూసినా నవ్వొస్తుంది. తలుపు తీసినావిడ మనల్ని చూసి విసుక్కున్నా, ఆవిడ ముక్కుపుడక ఎంత బాగుందో అనిపిస్తుంది. అమ్మకాలకి కావలసిన అర్హతల్లో సగం ఇదే. మిగతా సగం కంపెనీ నేర్పుతుంది. నాకు పెళ్ళీ ఉద్యోగమూ ఒకే నెలలో వచ్చాయి కాబట్టి ఏది ఏ సగమో ఇప్పటికీ సరిగ్గా విడదీసి చెప్పలేను.

కాలేజీలో నా వెనక చదివిన అమ్మాయిలు తరచూ ఫోన్ చేసి, అక్కా, ఈ రంగంలో నిలదొక్కుకోవడం ఎలాగో చెప్పవూ అని అడుగుతున్నారు. ఫోనులో చెబితే కుక్కర్ కూతలు లెక్క తప్పుతున్నాయి. అందుకని అందరికీ కలిపి రాస్తున్నాను.

నేను చేరింది దోమతెరల కంపెనీలో. పేరు నిశ్చింత. ప్రధాన కార్యాలయం హైదరాబాదులో ఉంది, మా శాఖ ఏలూరులో. కృష్ణా కాలవా గోదావరి కాలవా కలుసుకునే ఊరు కనుక రెండు వైపుల దోమలకీ ఇదే కూడలి. దోమతెరలు అమ్మడానికి ఇంతకన్నా మంచి ఊరు దొరకదు. మా ఆయన దినకర్ ఇక్కడే జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతారు. పవర్‌పేటలో డాబా మీద రెండు గదుల వాటా తీసుకున్నాం. ఒకే గ్లాసులో రెండు టూత్ బ్రష్‌లు ఒకదానికొకటి ఆనుకుని ఉండడం చూడ్డానికే నేను రోజూ ఆయనకన్నా ముందు లేచేదాన్ని.

ఉద్యోగంలో ఒక్కటే చిక్కు. నాది శిక్షణ కాలం. వానాకాలం ముగిసేలోగా నా పని బాగుందనిపిస్తే ఏలూరులోనే ఖాయం చేస్తారు. బాగులేదనిపిస్తే విస్తరణ క్షేత్రానికి పంపిస్తారు. ఆ ఏడు మా కంపెనీ విస్తరణ క్షేత్రం ఆదిలాబాద్. చల్లటి ఊరని, జలపాతాలు దగ్గరని, మనుషులు మంచివాళ్ళని అందరూ చెప్పారు. అక్కడ మా ఆయన ఉండరు. నాకు తెలిసినంతలో ఆ ఊరికున్న లోపం అదొక్కటే.

నేను చేరిన కొత్తలోనే హైదరాబాదు నుంచి విక్రాంత్‌గారు వచ్చారు. ఆయన హోదా ముఖ్య సానుకూలతాధికారి. చదువంతా ఎక్కడెక్కడో హాస్టళ్ళలో సాగిందట. తెలుగు మాటలు ఒక్కొక్కటీ ఇస్త్రీ చేసి మడత విప్పినట్టు మాట్లాడేవారు. శాఖ మొత్తాన్ని కూర్చోబెట్టి ఇలా మొదలుపెట్టారు.

"మిత్రులారా, మనం దోమతెరలు అమ్మడం ఎప్పుడో మానేశాం. మనం అమ్మేది ఒక అంగీకారాన్ని. వినియోగదారుడు 'అవును' అనే లోకంలోకి అడుగుపెట్టాలంటే ముందు మనం ఆ లోకంలో కాపురం పెట్టాలి."

కాపురం అన్న మాట వినగానే నేను పూర్తిగా ఆయన పక్షం అయిపోయాను.

ఆ రోజు నుంచి సంపూర్ణ సానుకూల విధానం అమల్లోకి వచ్చింది. కంపెనీలో ఎవరూ నకారం పలకకూడదు, రాయకూడదు. నిషిద్ధ పదాలు చదివి వినిపించాలంటే వాటిని పలకాలి. అందుకని విక్రాంత్‌గారు వాటిని గోడ మీద తెరకెక్కించి, కర్రతో ఒక్కొక్కదాన్నీ తాకి, మొహం పక్కకి తిప్పుకున్నారు. లేదు, కాదు, వద్దు, రాదు, కుదరదు, వాటి బంధువర్గం అంతా అక్కడ ఉంది. ఖాళీ, కొరత కూడా ఉన్నాయి. పోయింది అన్న మాటలో శోకం ధ్వనిస్తుంది కాబట్టి అమ్ముడుపోయిందన్నదీ, అయిపోయిందన్నదీ కూడా కొట్టేశారు.

మా బ్రాంచి మేనేజరు సోమలింగంగారు పెద్దాయన. ఇరవయ్యేళ్ళుగా ఇదే వ్యాపారంలో ఉన్నారు. ఆయన మర్యాదగా లేచి, "సార్, లోపలికి దోమ రాదు అని చెప్పాలంటే ఎలాగండీ మరి?" అని అడిగారు. అడిగిన నోటితోనే మొదటి దోషి అయ్యారు.

శిక్ష కూడా సానుకూలమైనదే. ఆఫీసు హాల్లో నిలువుటద్దం ఒకటి పెట్టించారు. దాని పేరు ఆత్మావలోకన దర్పణం. తప్పు మాట అన్నవాళ్ళు దాని ముందు నిలబడి, మొహం వికసించేవరకు తమని తాము చూసుకోవాలి. పాపం సోమలింగంగారు మధ్యాహ్నం భోజనం వేళ దాకా ప్రయత్నించారు. నాకు మాత్రం మొదటి వారంలో ఆ అద్దం బాగా నచ్చింది. ఇంట్లో మాకున్నది అరచేతి అద్దమే. అత్తయ్యగారు పెట్టిన కొత్త జూకాలు పూర్తిగా చూసుకోవాలనిపించినప్పుడల్లా ఏదో ఒకదానికి వద్దనేదాన్ని.

ఇక అమ్మకాల సంగతి. దోమతెర అమ్మాలంటే ముందు మంచం చూడాలి. మంచం కొలత తెలుసుకోకుండా తెర బయటికి తియ్యకండి. సంచీలో ఉన్నప్పుడు అది చేపల వలలా ఉంటుంది, చూసినవాళ్ళు తప్పకుండా ఆ మాట అంటారు. మంచానికి కట్టి, కొనేవాళ్ళని లోపల పడుకోబెట్టి, ఒక నిమిషం మాట్లాడకుండా ఊరుకోవాలి. లోపలి నుంచి చూస్తే ఫ్యానూ, దేవుడి పటాలూ, గోడ మీద మరకా అన్నీ మెత్తగా కనిపిస్తాయి. ఆ పైన మనం చెప్పాల్సింది పెద్దగా ఏమీ ఉండదు. నా కష్టమంతా ఆ మిగిలిన కొంచెంలోనే వచ్చింది.

మొదటి బేరం మా ఇంటి ఓనరు పేరిందేవిగారితో. కింద వాటాలో ఉంటారు. ఆవిడ మంచానికి తెర కట్టి, ఆవిడని లోపల పడుకోబెట్టాను.

"దోమలు రావు కదమ్మాయ్?" అన్నారు లోపల్నుంచి.

"దోమలు బయట ఉంటాయి పిన్నిగారూ."

"బయట ఎలాగూ ఏడుస్తాయి. లోపలికొస్తాయా, రావా?"

"లోపల మీరుంటారు."

"నేనుంటాను సరే. దాని సంగతి చెప్పవే తల్లీ."

"దానికి మీ మీద అభిమానం అలాగే ఉంటుంది. కాస్త దూరం నుంచి చూపిస్తుంది."

ఆవిడ తెర పైకెత్తి నా మొహం పరీక్షగా చూశారు. కొత్త కాపురం కదా, నిద్ర చాలడం లేదేమో పాపం అనుకున్నారట, తర్వాత వీధంతా చెప్పారు. కానీ నామీద జాలితో మళ్ళీ తల వాల్చినావిడ అలాగే నిద్రపోయారు. నేను పొయ్యి మీద పాలు దించి, బట్టలు లోపలికి తెచ్చి, ఆవిడ లేచేవరకు కూర్చున్నాను. లేస్తూనే రెండు తెరలు కొన్నారు. పగటిపూట అంత సుఖంగా పడుకోవడం పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి అన్నారు. కాబట్టి చెల్లెళ్ళూ, కొనేవాళ్ళు నిద్రపోతే లేపకండి.

ఆఫీసు ఫోనుతో అంతకన్నా పెద్ద తిప్పలు వచ్చాయి. ఒకాయన ఫోన్ చేసి గ్యాసాఫీసేనా అని అడిగాడు. సోమలింగంగారు ఇది దోమతెరల ఆఫీసండీ అన్నారు. అయితే గ్యాసాఫీసు కాదన్నమాట అన్నాడు ఆయన. అవునంటే నకారాన్ని ఒప్పుకున్నట్టు, ఊరుకుంటే అమర్యాద. సోమలింగంగారు ఆలోచించి, తమరు ఎలా అనుకుంటే అలాగేనండీ అన్నారు. సరే మరి, సిలిండరు వస్తుందా రాదా అని అటువైపు నుంచి ప్రశ్న. ఉన్న రెండు జవాబుల్లో ఒకటి నిషిద్ధం. రెండోది చెప్పారు. దేవుడి దయవల్ల సిలిండరు మర్నాడే వచ్చింది. గ్యాసాఫీసువాళ్ళు ఇంత మర్యాదగా మాట్లాడడం ఎన్నడూ ఎరగనని ఆయన ఊరంతా చెప్పాడు. ఆ వారం మాకు దోమతెరల కోసం వచ్చిన ఫోన్లకన్నా గ్యాసు కోసం వచ్చినవే ఎక్కువ. ప్రజాస్పందన అపూర్వంగా ఉందని హైదరాబాదు మమ్మల్ని మెచ్చుకుంది.

అలవాటు ఇంటికి కూడా వచ్చింది. మా ఆయన చేసిన ఉప్మా నోట్లో పెట్టుకుని, దీనికి మంచి భవిష్యత్తు ఉందండీ అన్నాను. ఆయన చాలాసేపు ఆలోచించి లేచి ఉప్పు డబ్బా తెచ్చారు. ఆ తర్వాత ఆయనకి ఇందులో ఉన్న సౌకర్యం అర్థమైంది. సాయంత్రం చెప్పులేసుకుంటూ, మిరపకాయ బజ్జీలు వద్దా అనేవారు. వద్దు అనే వీలు లేదు. సినిమా వద్దా, మల్లెపూలు వద్దా, కాలవ గట్టు మీద కాసేపు నడక వద్దా. ఆ నెలంతా నేను కంపెనీ నియమాలకి కట్టుబడి బజ్జీలు తిన్నాను.

ఇంతలో ప్రధాన కార్యాలయంలో భాషా పరిశుద్ధి సంఘం ఏర్పడింది. మా నోళ్ళు శుభ్రపడ్డాయి కనుక వాళ్ళు కంపెనీ కాగితాల మీద పడ్డారు. మొదటి కాగితం మొదటి పంక్తిలోనే వాళ్ళకి నకారం దొరికింది. వాళ్ళ ఉత్తర్వు ఇలా వచ్చింది:

"మన సంస్థ నామధేయమగు 'నిశ్చింత' యందు మొదటి భాగము అభావమును సూచించుచున్నది. ఇన్నాళ్ళును ఈ ప్రతికూలత మన ప్రతి సంచీ మీదను ముద్రితమగుచుండుట విచారకరము. సదరు భాగమును తొలగించగా మిగులు రూపము సంపూర్ణముగా సానుకూలమై యున్నది. కావున ఇకమీదట మన ఉత్పత్తులు ఆ నామముతోనే వ్యవహరింపబడును."

మరుసటి లారీలో వచ్చిన సంచీల మీద పెద్ద అక్షరాలతో చింత అని ఉంది. గోడలకి అంటించే కాగితాలు కూడా వచ్చాయి. ఇంటింటా చింత. ప్రతి మంచానికీ చింత. పెళ్ళి కానుకలకని ఎర్రంచు తెర ఒకటి ప్రత్యేకంగా చేయించారు, దాని మీద కొత్త జంటకు తొలి చింత అని జరీతో కుట్టించారు. సోమలింగంగారు అవన్నీ చూసి కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. ఈ పేరుతో ఎవరు కొంటారనే ప్రశ్నని సానుకూలంగా ఎలా అడగాలో ఆయనకి తోచలేదు. నాకు ఆదిలాబాద్ జలపాతాల చప్పుడు వినిపించసాగింది.

మా భయమంతా అనవసరం. ఆ సంచీ చూడగానే పేరిందేవిగారు, "చింతాకు రసం పట్టించారా దీనికి?" అన్నారు.

"పేరులో మాత్రమే చింత ఉంది పిన్నిగారూ. తెర మామూలు నూలుదే."

"నాకు తెలుసులే. మీ కంపెనీవాళ్ళు చెప్పనివ్వరు."

కాదు అనే ఒక్క మాట ఉంటే ఆ పుకారు అక్కడే ఆగేది. నేను ప్రతి ఇంట్లోనూ నిజమే చెప్పాను. మామూలు నూలేనండీ అంటే కన్నుగీటారు. పేరు ఎవరో మార్చారండీ అంటే మరీ నమ్మారు. చింతాకు వాసన తగిలితే దోమ కళ్ళు తిరిగి పడుతుందని మార్కెట్లో ఒకాయన నాకే వివరించాడు. అదే సమయానికి వానలు పట్టుకున్నాయి. కాలవలు పొంగాయి. రెండు వైపుల దోమలూ కూడలికి చేరాయి. జనం ఆఫీసుకే వచ్చి చింతలు పట్టుకెళ్ళారు. ఆషాఢం ఎడబాటు తీరి అత్తవారింటికి చేరుతున్న కొత్త పెళ్ళికూతుళ్ళకి పుట్టింటివాళ్ళు తొలి చింత కొని ఇచ్చి పంపారు. చూస్తుండగానే గోడౌనులో సరుకు మొత్తం వెళ్ళిపోయి, తాడు ముక్కలు మిగిలాయి.

నేను గాల్లో తేలుతూ ఇంటికెళ్ళి మా ఆయనకి చెప్పాను. ఇక ఖాయమే అనుకుని ఆ సాయంత్రం వరండాలోకి రెండు ప్లాస్టిక్ కుర్చీలు కొన్నాం. ఒకదాని రంగు ఆయన ఇష్టం, రెండోదాని రంగు నా ఇష్టం.

మర్నాడు సోమలింగంగారు హైదరాబాదుకి సరుకు కోసం రాయాలి. అక్కడే అసలు గండం వచ్చింది. సరుకు లేదు అని రాయకూడదు. అయిపోయింది అని కూడా రాయకూడదు. ఆయన పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చుని, ఒక్కసారిగా నవ్వారు.

"మనకి పుట్టుకతో వచ్చిన విద్యే కదమ్మా కుసుమా ఇది. మా అమ్మ జన్మలో బియ్యం లేవు అన్లేదు."

నిజమే. మా అమ్మా అనలేదు. డబ్బా అడుగు గోకుతూ కూడా, బియ్యం నిండుకున్నాయి, రేపు తెప్పించండి అనేది. ఇంట్లో లేమి మాట పలకకూడదని కదా ఆ ముచ్చట. సంపూర్ణ సానుకూల విధానం మా వంటింట్లో ఎప్పటి నుంచో ఉంది, విక్రాంత్‌గారు దాన్ని ఊరికే ఆఫీసుకి తెచ్చారు. సోమలింగంగారు ఎంతో సంతోషంగా ఇలా రాసి పంపారు: 'కుసుమగారి కృషి వల్ల సరుకంతా అమ్మేశాం. గోడౌను నిండుకుంది. వెంటనే పంపగలరు.'

మూడో రోజున జవాబు వచ్చింది. గోడౌను నిండుగా ఉన్నందుకు ప్రధాన కార్యాలయం ముందుగా హర్షం ప్రకటించింది. ఇంత సమృద్ధిగా ఉన్న శాఖకి ఇంకా సరుకు పంపడం భారమని, మాకు రావలసిన లారీని ఆదిలాబాదుకి మళ్ళించామని తెలిపింది. చివరి వాక్యం మాత్రం హర్షంలో పడేటట్టు లేదు. అమ్మేశామని చెప్పిన సరుకు గోడౌనులో ఇంకా నిండి ఉండడానికి కారణమేమిటో, ఆ అమ్మకాలు జరిగినవో ఊహించినవో తెలుసుకోవడానికి విక్రాంత్‌గారు స్వయంగా వస్తున్నారు.

సోమలింగంగారు ఆ రోజంతా ఫోనులోనే ఉన్నారు. నిండుకుంది అన్నది మా వైపు వాడుక అని చెప్పారు. వాడుకలో దాని అర్థమేమిటి అని హైదరాబాదు అడిగింది. అర్థం చెప్పాలంటే ఆ నిషిద్ధ మాటే కావాలి. నిండుకోవడమంటే నిండుకోవడమేనండీ అన్నారు. ఎంతవరకు నిండుకుంది అన్నారు వాళ్ళు. పూర్తిగానండీ, గోడలు కనిపిస్తున్నాయి, నేల కనిపిస్తోంది అన్నారాయన. అంత నిండుగా ఉండి కూడా నేల కనిపించేటట్టు సర్దినందుకు హైదరాబాదు ఆయనని అభినందించింది.

ఆ సాయంత్రం నేను కొత్త కుర్చీలో కూర్చుని మా ఆయనకి అన్నీ చెప్పాను. అమ్మానని నేను చెప్పిన ప్రతి తెరా అబద్ధమని వాళ్ళు అనుకుంటున్నారు. ఇక ఖాయం చేసే మాట దేవుడెరుగు. ఆయన మామూలుగా అయితే ఏదో ఒక హాస్యం ఆడేవారు. ఆ రోజు ఆడలేదు. ఆదిలాబాదుకి ఏ రైలు వెళుతుందో చూశాను, శనివారం బయలుదేరితే ఆదివారం ఒక పూట ఉండి రావచ్చు అన్నారు. ఆ ఒక్క పూట అన్న మాట నాకు రాత్రి అన్నంతో పాటు దిగలేదు.

విక్రాంత్‌గారు వచ్చారు. వెంట మిగులు సరుకు విమోచన బృందం కూడా వచ్చింది. నిండిన గోడౌనుని తేలికపరచడం వాళ్ళ పని. సోమలింగంగారు తాళం తీసి తలుపులు తోశారు. ఒక ఎలుక మా అందరినీ చూసి, దాక్కునే చోటు ఎక్కడా దొరక్క, నడిచే వెళ్ళిపోయింది.

విక్రాంత్‌గారు లోపల నాలుగు మూలలా తిరిగారు. ఆయన బూట్ల చప్పుడు రెండుసార్లు వినిపించింది, ఒకటి ఆయనది, ఒకటి గోడలది.

"ఇక్కడ నేను గణనీయమైన విశాలతని గమనిస్తున్నాను," అన్నారు.

"చిత్తం," అన్నారు సోమలింగంగారు.

"నిండుకున్న సరుకు ప్రస్తుతం ఎక్కడ నివసిస్తోంది?"

"నిండుకుందండి. అమ్మేశాం."

"అమ్మేశాక ఏది నిండుకుంది?"

"అమ్మేశాం గనకనే నిండుకుందండి."

విమోచన బృందంలో ఒకాయన విక్రాంత్‌గారి చెవిలో ఏదో అన్నాడు. విక్రాంత్‌గారి మొహం మారింది. కాగితాల మీద నిండుగా ఉన్న సరుకు కంటికి కనిపించకుండా ఉండడాన్ని సంస్థ పరిభాషలో స్థానాంతర సౌభాగ్యం అంటారని, అటువంటి సందర్భాల్లో పోలీసుల భాగస్వామ్యాన్ని ఆహ్వానించే సంప్రదాయం ఉందని చాలా మృదువుగా చెప్పారు. సోమలింగంగారు గోడకి ఆనుకున్నారు. ఇరవయ్యేళ్ళ ఉద్యోగంలో ఆయన ఒక తాడు ముక్క కూడా ఇంటికి పట్టుకెళ్ళిన మనిషి కాదు. ఆ మాట చెప్పుకోవడానికి కూడా ఆయనకి కాదు అన్న మాట కావాలి.

తర్వాత విక్రాంత్‌గారు నా వైపు తిరిగారు. "కుసుమగారూ, ఈ ప్రయాణంలో మీకు ఒక కొత్త మలుపు సిద్ధంగా ఉంది. ఆదిలాబాద్ మీ కోసం ఎదురుచూస్తోంది. సంతోషంగా వెళ్తారు కదా?"

ఆ విధానం ప్రకారం దానికి ఉన్న జవాబు ఒక్కటే. ఆఫీసు హాల్లోని అద్దం అక్కడికి ఎంత దూరమో లెక్కేసుకున్నాను.

"లేదండీ," అన్నాను.

బృందంలో ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు. నాకు ఆ మాట ఎంత రుచిగా ఉందో చెప్పలేను. పథ్యం తర్వాత మొదటి ముద్ద ఆవకాయ అన్నంలా ఉంది. ఇక ఆగలేదు.

"సరుకు లేదు సార్. ఒక్కటంటే ఒక్కటి లేదు. నిండుకుంది అంటే లేదు అని అర్థం. మా అమ్మ అలాగే అంటుంది, మీ అమ్మగారిని అడిగినా అదే చెబుతారు. మేము దొంగలం కాము. అన్నీ అమ్ముడుపోయాయి. జనం అడుగుతున్నారు, ఇవ్వడానికి మా దగ్గర లేవు. మీరు పంపలేదు. సోమలింగంగారి తప్పు లేదు. నేను ఆదిలాబాద్ వెళ్ళను."

గోడౌను ఖాళీగా ఉంది కనుక చివరి మాటని అది ఇంకోసారి చెప్పింది.

విక్రాంత్‌గారు నన్ను అద్దం దగ్గరికి పంపలేదు. మెల్లగా, "లేదా?" అన్నారు. అని, తన నోటి నుంచి వచ్చిన మాటకి తానే అటూ ఇటూ చూశారు. బృందాన్ని బయటికి పంపించి, నన్ను మాత్రం ఉండమన్నారు. ఆ మాట ఇంకోసారి చెప్పమన్నారు. చెప్పాను. ఆయన అక్కడే నేల మీద కూర్చుండిపోయారు. కోటుకి మట్టి అంటినా పట్టించుకోలేదు.

అన్ని శాఖల నుంచీ ఆయనకి నెలల తరబడి శుభవార్తలే వస్తున్నాయట. ఎక్కడ సరుకుందో, ఎక్కడ నిజంగా అమ్మకాలున్నాయో ఆయనకి ఏమీ తెలియడం లేదట. ఆదిలాబాద్ విశాలంగా ఉన్నామని రాసిందట, చోటుందేమో అనుకుని అక్కడికి లారీ పంపారట. అది చెప్పేటప్పుడు ఆయన తెలుగు ఇస్త్రీ నలిగిపోయింది.

అయితే ఆ విధానం రద్దు చేసెయ్యండి సార్ అన్నాను. ఆయన నిట్టూర్చారు. విధానం ఛైర్మన్‌గారి సొంత ఆలోచన. దాన్ని రద్దు చేయాలంటే ఎవరో ఒకరు ఆయన ముందు నిలబడి వద్దు అనాలి. విధానం అమల్లో ఉన్నంతకాలం ఆ మాట ఎవరూ అనకూడదు.

నేను ఖాయమైపోయాను, ఏలూరులోనే. మా లారీ మాకు వచ్చింది. సోమలింగంగారి పేరు మీద ప్రశంసాపత్రం కూడా వచ్చింది. అయితే కంపెనీకి ఇప్పుడు కాస్త నిజం అవసరమని తేలింది, విధానమేమో అలాగే ఉండాలి. అందుకని హైదరాబాదు వాళ్ళు మధ్యేమార్గంగా ఒక కొత్త విభాగం స్థాపించారు. కంపెనీలో ఎక్కడ ఏ నకారం చెప్పవలసి వచ్చినా ఆ పని ఒకే చోట, ఒకే అధికారి ద్వారా జరగాలి. ఆ విభాగం పేరు నకార నిర్వహణ. అధికారి నేనే.

ఇక చూడండి నా వైభవం. పొద్దున్నే శాఖల నుంచి ఫోన్లు మొదలయ్యేవి. నెల్లూరు మేనేజరు తమ గోడౌను గురించి తియ్యగా ఏదో చెప్పేవారు. సరుకు లేదా అని అడిగేదాన్ని. ఆయన గొంతు సవరించుకునేవారు. లేదు అని రాసి, ముద్ర కొట్టి, హైదరాబాదుకి పంపేదాన్ని. సెలవు ఇవ్వడం కుదరదని, అప్పు ఇవ్వడం వీలు కాదని, తమ్ముడి కొడుక్కి ఉద్యోగం రాదని చెప్పడానికి అన్ని ఊళ్ళ నుంచీ నా దగ్గరికే పంపేవారు. ఒక అకౌంటెంటుగారైతే బావమరిది వచ్చి నెల్లాళ్ళయిందని, ఇక ఉండొద్దనే ముక్క కాస్త మీరే ఫోనులో చెప్పండమ్మా అని బతిమాలారు. అది ఆఫీసు పని కాదని ఆయనకే చెప్పాను. మార్కెటింగులో పైకి రావాలంటే అందరిలో లేని నైపుణ్యం ఒకటి ఉండాలని పుస్తకాల్లో రాస్తారు చూడండి, నాది రెండక్షరాల నైపుణ్యం.

విభాగం ఇంత వేగంగా ఎదగడం చూసి ప్రధాన కార్యాలయం పొంగిపోయింది. దసరా వచ్చేలోగా నన్ను పదోన్నతి మీద హైదరాబాదుకి రప్పించాలని తీర్మానించింది. వేరే గది, కారు, తలుపు మీద ఇత్తడి పలకతో పేరు. ఉత్తర్వులో సంతోషం అన్న మాట ప్రతి వాక్యంలోనూ ఉంది.

ఇంటికి తెచ్చి మా ఆయన చేతిలో పెట్టాను. ఆయన నిలబడే చదివారు. చాలా మంచి అవకాశం అన్నారు. హైదరాబాదులో కాలేజీలు చాలా ఉన్నాయి, మెల్లగా ఒకటి రెండేళ్ళలో నేనూ ప్రయత్నించవచ్చు అన్నారు. మాటలు తిన్నగానే ఉన్నాయి కానీ, భుజానికి ఉన్న కూరగాయల సంచీ దించడం మర్చిపోయారు.

"నీకు వెళ్ళాలనుందా?" అన్నారు చివరికి.

"ఆఫీసు పద్ధతి ప్రకారం చేస్తానండీ," అన్నాను.

పద్ధతి ఏమిటంటే, కంపెనీలో ఎవరి ప్రతిపాదననైనా ఎవరైనా తిరస్కరించదలిస్తే ఆ అభ్యర్థనని నకార నిర్వహణ విభాగానికి పంపాలి. అందుకని మర్నాడు నేను హైదరాబాదు బదిలీ నాకు ఇష్టం లేదని, తగు నిర్ణయం తీసుకోవలసిందని సంబంధిత అధికారికి విన్నవించుకున్నాను. సంబంధిత అధికారి కాఫీ తాగి, దరఖాస్తుదారు ఇబ్బందులు సానుభూతితో పరిశీలించింది. కొత్తగా పెళ్ళయిన మనిషి, భర్త ఉద్యోగం ఇక్కడే, ఇల్లు కూడా ఇప్పుడిప్పుడే కుదురుకుంటోంది. వాదన న్యాయంగానే తోచింది. కింద వద్దు అని రాసి ముద్ర వేశాను.

ఆ నిర్ణయం హైదరాబాదులో ఒక్కరికీ నచ్చలేదట. కానీ దాన్ని కాదనే అధికారం కంపెనీ మొత్తంలో నా ఒక్కదానికే ఉంది.